మనుషుల ఫొటోలు, బట్టల ఫొటోలు మసగ్గా వస్తున్నాయా? ముందు వెలుతురు, తర్వాతే ఫోకస్

"లెన్స్ మారిస్తే ఫొటో స్పష్టంగా వస్తుందా?" "కెమెరా మంచిదే, అయినా మొహం మసగ్గా ఎందుకొస్తోంది?" మనుషుల ఫొటోలు, బట్టల ఫొటోలు తీయడం కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేవి ఈ రెండే. వాళ్లు పంపిన ఫొటోలు తెరిచి చూస్తే చాలాసార్లు లెన్స్‌లో ఏ లోపమూ కనిపించదు. గదిలో వెలుతురు చాలదు. అది చాలక కెమెరా షట్టర్‌ను ఎక్కువసేపు తెరిచి ఉంచుతుంది. ఆలోపు మీ చెయ్యో, ఎదుటి మనిషో కదులుతారు. లేదా వెలుతురు కోసం అపర్చర్‌ను (లెన్స్‌లో వెలుతురు లోపలికొచ్చే రంధ్రాన్ని) పూర్తిగా తెరిచేస్తారు, అప్పుడు ఒక కన్ను స్పష్టంగా వచ్చి రెండోది మసకబారుతుంది.

అందుకే ఫోకస్ జోలికి వెళ్లేముందు వెలుతురు సరిచేసుకుందాం. ఆ ఒక్కటీ కుదిరితే ఫోకస్ సమస్యల్లో సగం వాటంతటవే పోవడం నేను చాలాసార్లు చూశాను. కొత్త లెన్స్ కొనే ఆలోచన ఉంటే ఇవన్నీ చేసి చూసేదాకా ఆగండి.

కావలసినవి

- కెమెరా లేదా ఫోన్. ఏదైనా ఫర్వాలేదు.
- పగటి వెలుతురు బాగా వచ్చే పెద్ద కిటికీ.
- కిటికీకి కట్టడానికి పల్చటి తెల్ల గుడ్డ.
- తెల్ల థర్మాకోల్ షీటు. కనీసం రెండడుగుల వెడల్పు ఉండాలి. లేకపోతే అట్టకు అంటించిన తెల్ల చార్టు.
- నల్ల గుడ్డ ఒకటి.
- ట్రైపాడ్. లేకపోతే కదలని బల్ల మీద పుస్తకాల దొంతర.
- రంగు సరిచూసుకోవడానికి గ్రే కార్డు (బూడిద రంగు అట్ట), లేదా ఒక తెల్ల కాగితం.
- బట్టల ఫొటోలకు ఇస్త్రీ పెట్టె, క్లిప్పులు, నూలుపోగులు తీయడానికి అంటుకునే టేపు.
- లెన్స్ తుడవడానికి మెత్తటి శుభ్రమైన గుడ్డ.

1. మీ ఫొటోలో మసక ఏ రకమో తేల్చుకోండి

ఈ మధ్య తీసిన ఫొటో ఒకటి తెరిచి, 100 శాతానికి జూమ్ చేసి చూడండి. మసకంతా ఒకటే రకం కాదు. దేనికి దాని మందు వేరు.

- మొహం మసగ్గా ఉండి చెవో, కాలరో, వెనక గోడో స్పష్టంగా ఉంటే ఫోకస్ తప్పింది. 6వ మెట్టు మీకోసమే.
- ఫొటో మొత్తం ఒకే వైపుకి సాగినట్టు, గీతలు రెండేసి కనిపిస్తున్నట్టు ఉంటే మీ చెయ్యి కదిలింది.
- గోడ, కుర్చీ స్పష్టంగానే ఉండి చేతులు, జుట్టు మాత్రమే చెదిరినట్టుంటే మనిషి కదిలాడు. షట్టర్ వేగం చాలలేదు.
- అంతటా పొగమంచు పరచినట్టుండి, వెలుగున్న చోట్ల మెరుపు చారలు కనిపిస్తే లెన్స్ మీద వేలిముద్రలున్నాయి. ఫోన్లలో ఇదే ఎక్కువ.
- గీతలు సరిగానే ఉన్నా చర్మం మైనం పూసినట్టు నున్నగా, జుట్టు ముద్దగా ఉంటే ఐఎస్‌ఓ (వెలుతురు చాలనప్పుడు ఫొటో వెలుగును కెమెరా పెంచే స్థాయి) బాగా పెరిగింది. దానివల్ల వచ్చే గరుకు చుక్కలను, అంటే నాయిస్‌ను, తుడిచే పనిలో కెమెరా వివరాలు కూడా తుడిచేసింది.

చెయ్యి కదలడం, మనిషి కదలడం, ఐఎస్‌ఓ పెరగడం, ఈ మూడూ వెలుతురు లేకపోవడం వల్ల వచ్చేవే.

2. గదిలో లైట్లు ఆపేసి కిటికీ దగ్గరికి రండి

వెలుతురు కావాలంటూ లైట్లు ఆపమంటున్నాడేమిటని అనుకోకండి. వెలుతురు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు. పసుపు బల్బు వెలుతురు 2700 నుంచి 3000 కెల్విన్ ఉంటుంది. పగటి వెలుతురు 5500 కెల్విన్ దరిదాపుల్లో ఉంటుంది. రెండూ కలిసి పడితే మొహంలో ఒకవైపు పసుపు, ఇంకోవైపు నీలం వస్తాయి. వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా వచ్చేలా రంగును దిద్దే సెట్టింగు) ఒకదానికి సరిచేస్తే రెండోది పాడవుతుంది. మొదట్లో నేను ఒక పరిచయస్తురాలి కోసం ముదురు నీలం చొక్కాలు ఇలాగే తీశాను. కుడి చేతులు నల్లగా, ఎడమ చేతులు ఊదాగా వచ్చాయి. ఎంత ఎడిట్ చేసినా ఒక్కటీ నిలబడలేదు. మర్నాడు లైట్లు ఆపి మొత్తం మళ్లీ తీయాల్సి వచ్చింది. ఆవిడ సమయం వృథా చేశానన్న బాధ ఇప్పటికీ ఉంది.

ఇక నిలబెట్టే పద్ధతి. మనిషిని కిటికీకి ఒకటి, ఒకటిన్నర మీటర్ల దూరంలో, వెలుతురు మొహం మీద ఏటవాలుగా, దాదాపు 45 డిగ్రీల కోణంలో పడేలా నిలబెట్టండి. కిటికీని వెనక పెట్టుకుంటే మొహం నల్లబడుతుంది. కిటికీకి నేరుగా ఎదురుగా నిలబెడితే మొహం చదునుగా కనిపిస్తుంది. తప్పేమీ లేదు గానీ లోతు పోతుంది.

దూరం చాలా ముఖ్యం. చిన్న దీపమైతే, దాని నుంచి రెట్టింపు దూరం జరిగితే అందే వెలుతురు నాలుగో వంతుకు పడిపోతుంది. పెద్ద కిటికీకి ఈ లెక్క ఇంత కచ్చితంగా వర్తించదు. అయినా గది మధ్యలోకి జరిగేకొద్దీ వెలుతురు ఎంత వేగంగా తగ్గుతుందో మన కంటికి తెలియదు, ఎందుకంటే కన్ను సర్దుకుంటుంది. కెమెరాకు తెలుస్తుంది. దగ్గరగా ఉంటే ఇంకో లాభమూ ఉంది. మనిషి వైపు నుంచి చూస్తే వెలుతురు వచ్చే చోటు ఎంత పెద్దగా కనిపిస్తే నీడలు అంత మెత్తగా ఉంటాయి.

ఎండ నేరుగా లోపలికి పడుతుంటే తెల్ల గుడ్డ కట్టండి. రంగు కర్టెన్ వద్దు, ఆ రంగు మొహం మీదికి వస్తుంది.

మొహంలో నీడవైపు మరీ చీకటిగా ఉంటే అటువైపు థర్మాకోల్ షీటు పెట్టండి. అర మీటరు దూరంలో మొదలుపెట్టి, దగ్గరికీ దూరానికీ జరుపుతూ చూడండి. నీడ పూర్తిగా పోనవసరం లేదు, అందులో వివరం కనిపిస్తే చాలు. దీనికి ఎదురు పని చేసేది నల్ల గుడ్డ. గదంతా తెల్ల గోడలుండి మొహం చప్పగా వస్తుంటే నీడవైపు నల్ల గుడ్డ వేలాడదీయండి. చెంప గీత తేలుతుంది.

ఎలా సరిచూసుకోవాలి: మనిషి కళ్లలోకి చూడండి. నల్లగుడ్డు పైభాగంలో, 10 గంటలు లేదా 2 గంటలు చూపే ముల్లు వైపున, కిటికీ ఆకారంలో చిన్న తెల్ల మెరుపు కనిపించాలి. అది కనిపించకపోతే ఫొటోలో కళ్లు నిర్జీవంగా వస్తాయి. గడ్డం కాస్త పైకెత్తమనండి, లేదా మొహం కిటికీ వైపు కొద్దిగా తిప్పమనండి.

కిటికీ లేకపోతే మార్గాలు:

- బయట నీడ. చెట్టు కింద కన్నా భవనం నీడ మేలు. ఆకుల్లోంచి పడే వెలుతురు మొహం మీద మచ్చలు వేస్తుంది, ఆకుపచ్చ కూడా పులుముతుంది. నీడ అంచుకు దగ్గరగా నిలబెట్టి, మొహం తెరిచి ఉన్న ఆకాశం వైపు తిప్పించండి. నడినెత్తి ఎండలో మాత్రం తీయకండి. కళ్ల గుంటలు నల్లబడతాయి.
- రాత్రి అయితే ఎల్‌ఈడీ లైట్లు. అన్నీ ఒకే రంగువి వాడండి. పెట్టె మీద సీఆర్‌ఐ (రంగులను ఎంత సహజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 లేదా అంతకన్నా ఎక్కువ అని ఉంటే చర్మం, బట్ట రంగులు సరిగ్గా వస్తాయి. లైటును నేరుగా కొట్టకుండా ముందు తెల్ల గుడ్డ పెట్టండి, లేదా తెల్ల గోడ మీదికి తిప్పండి.

హెచ్చరిక: వేడెక్కే బల్బులకు గుడ్డ తగలనివ్వకండి, అంటుకునే ప్రమాదం ఉంది. ఇంకొకటి, కొన్ని ఎల్‌ఈడీలు కంటికి తెలియకుండా మినుకుమంటాయి. ఫొటోలో అడ్డ చారలు వస్తే కరెంటు 50 హెర్ట్జ్ ఉన్నచోట షట్టర్ వేగం 1/50 లేదా 1/100 సెకను, 60 హెర్ట్జ్ ఉన్నచోట 1/60 లేదా 1/120 పెట్టండి.

3. గోడకు ఎడంగా జరగండి

మనిషికీ వెనక గోడకూ మధ్య కనీసం మీటరున్నర ఉంచండి. నీడ గోడ మీద పడదు, వెనకదంతా మెత్తగా మసకబారుతుంది. మసక బ్యాక్‌గ్రౌండ్ కోసమే ఖరీదైన లెన్స్ కొనాలనుకునేవాళ్లు ముందు ఇది చేసి చూడండి.

4. సెట్టింగులు

మనుషులకు, అపర్చర్ ప్రయారిటీలో (అపర్చర్ మీరు ఎంచుకుంటే షట్టర్ వేగం కెమెరా చూసుకునే మోడ్): ఒక్కరైతే ఎఫ్/2.8 నుంచి ఎఫ్/4, ఇద్దరైతే ఎఫ్/5.6. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ అపర్చర్ చిన్నదవుతుంది, స్పష్టంగా వచ్చే లోతు పెరుగుతుంది. ఆటో ఐఎస్‌ఓ పెట్టి, కనీస షట్టర్ వేగం 1/125 అని చెప్పండి. పిల్లలకు 1/250 లేదా పైన. ఐఎస్‌ఓ గరిష్ఠం 3200 పెట్టుకోండి. నాయిస్ అంటే చాలామందికి టెన్షన్. కానీ నాయిస్ ఉన్న స్పష్టమైన ఫొటోను తర్వాత బాగుచేయొచ్చు. కదిలిపోయిన ఫొటోను ఎవరూ బాగుచేయలేరు.

హ్యాంగర్‌కో, బొమ్మకో వేసిన బట్టలకు, ట్రైపాడ్ మీద: ఎఫ్/8, ఐఎస్‌ఓ 100, రెండు సెకన్ల టైమర్. షట్టర్ ఎంత నెమ్మదైనా పర్వాలేదు, బట్ట కదలదు కాబట్టి. అయితే ఫ్యాన్ ఆపండి! వేలాడే బట్ట గాలికి ఊగుతున్న సంగతి పక్కనే ఉన్నా తెలియదు, అంచులు మసకబారాకే తెలుస్తుంది. ఎఫ్/16 దాటి వెళ్లకండి, అక్కడ కాంతి వంగడం వల్ల ఫొటో అంతా కాస్త మెత్తబడుతుంది.

5. తెల్ల బట్ట బూడిదగా, నల్ల బట్ట వెలిసినట్టుగా వస్తుంటే

కెమెరా తప్పు చేస్తున్నది ఇక్కడే. ఎదురుగా ఏమున్నా దాన్ని మధ్యస్థ బూడిద రంగు వెలుగుకి తెచ్చేలా లెక్క వేస్తుంది. ఫ్రేమంతా తెల్ల చొక్కా ఉంటే ఇంత వెలుగు ఎక్కువనుకుని తగ్గిస్తుంది. నల్ల చొక్కా ఉంటే పెంచుతుంది. మీరు ఎదురు దిద్దాలి:

- తెల్ల బట్టకు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగును పెంచే, తగ్గించే +/– సెట్టింగు) +0.7 నుంచి +1.
- నల్ల బట్టకు –0.7 నుంచి –1.

తీశాక హైలైట్ అలర్ట్ (వెలుగు మరీ ఎక్కువైన చోట్లను తెర మీద మెరిపించి చూపే సెట్టింగు) ఆన్ చేసి చూడండి. తెల్ల బట్ట మడతల్లో నలుపు మెరుపులు మెరిసి ఆరుతుంటే అక్కడ నేత పూర్తిగా కొట్టుకుపోయింది, కొంచెం తగ్గించండి. మనిషి వేసుకున్నప్పుడు మొహానికే మొదటి ఓటు, బట్టకు తర్వాత.

6. మనుషుల మీద ఫోకస్

మొదట ఒక చిన్న పని. వ్యూఫైండర్ పక్కన ఒక చిన్న చక్రం ఉంటుంది, డయాప్టర్ అంటారు. లోపల కనిపించే అంకెలు మీ కంటికి స్పష్టంగా కనిపించేదాకా దాన్ని తిప్పండి. చాలామంది దీన్ని ఒక్కసారి కూడా ముట్టుకోరు. అది జరిగిపోయి ఉంటే లోపల అంతా మసగ్గా కనిపించి, ఫోకస్ కుదిరినా కుదరలేదనుకుంటారు. అలాగే లెన్స్ పక్కన మీట ఏఎఫ్ (ఆటోఫోకస్) మీద ఉందో లేదో చూడండి. సంచిలో పెట్టి తీసేటప్పుడు అది ఎంఎఫ్ (చేత్తో తిప్పే ఫోకస్) మీదికి జారుతుంటుంది.

ఆ తర్వాత:

1. కంటిని గుర్తించే ఫోకస్ ఉంటే ఆన్ చేయండి. లేకపోతే ఒక్క ఫోకస్ పాయింట్ ఎంచుకోండి. అన్ని పాయింట్లూ కెమెరాకే వదిలేస్తే అది సాధారణంగా దగ్గరగా ఉన్నదాన్ని పట్టుకుంటుంది. అది ముక్కో, ముందుకు చాచిన చెయ్యో అవుతుంది.
2. ఆ పాయింట్‌ను మీకు దగ్గరగా ఉన్న కంటి మీద పెట్టండి. మొహం పక్కకు తిరిగి ఉన్నప్పుడు దూరపు కన్ను కాస్త మసకబారినా చూసేవాళ్లు పట్టించుకోరు. దగ్గరి కన్ను మసకబారితే వెంటనే తెలుస్తుంది.
3. మధ్య పాయింట్‌తో ఫోకస్ చేసి, తర్వాత కెమెరా తిప్పి ఫ్రేమ్ మార్చే అలవాటు మానండి. దగ్గరి నుంచి, పెద్ద అపర్చర్‌తో తీసేటప్పుడు ఆ చిన్న తిప్పుడుకే ఫోకస్ కంటి మీంచి చెవి మీదికి పోతుంది. ముందే ఫ్రేమ్ పెట్టుకుని పాయింట్‌ను కంటి దాకా జరపండి.
4. మనిషి నిలబడి ఉన్నా సరే, కంటిన్యుయస్ ఫోకస్ వాడండి (ఏఎఫ్-సీ అనో, సర్వో అనో ఉంటుంది). నిలబడ్డ మనిషి కూడా ముందుకూ వెనక్కూ తూగుతూనే ఉంటాడు. మీరూ అంతే.
5. ఒక్క క్లిక్‌తో ఆపకండి. మూడు నుంచి ఐదు వరసగా తీయండి.

ఎఫ్/1.8 గురించి ఒక మాట. ఫుల్‌ఫ్రేమ్ (పాత ఫిల్మ్ ఫ్రేమంత పెద్ద సెన్సర్ ఉన్న) కెమెరాతో, 50 మి.మీ. లెన్స్‌తో, మీటరున్నర దూరం నుంచి ఎఫ్/1.8 దగ్గర తీస్తే స్పష్టంగా వచ్చే లోతు దాదాపు 10 సెం.మీ. అదే దూరంలో 85 మి.మీ. లెన్స్ అయితే మూడున్నర సెం.మీ. కన్నా తక్కువ. మనిషి ఊపిరి పీల్చి కాస్త ముందుకు వంగినా చాలు, కన్ను ఆ పరిధి దాటిపోతుంది. నేర్చుకునే రోజుల్లో ఎఫ్/4 దగ్గరే ఉండమని నా సలహా. పదింట తొమ్మిది కళ్లు స్పష్టంగా వస్తున్నాయని నమ్మకం కుదిరాక అపర్చర్ తెరవండి.

లెన్స్ అటూఇటూ తిరుగుతూ ఫోకస్ పట్టకపోతే కారణాలు రెండు. మరీ దగ్గరికి వెళ్లి ఉంటారు, ఓ అడుగు వెనక్కి రండి. లేదా మొహం మీద వెలుతురు చాలదు, 2వ మెట్టుకి వెళ్లండి.

కళ్లద్దాల్లో లైటు మెరుస్తుంటే లైటును పైకెత్తండి, లేదా అద్దాల కాడలను చెవుల మీద ఒక్క రవ్వ పైకి లేపమనండి. అద్దం కిందికి వంగి మెరుపు తప్పుకుంటుంది.

7. బట్టల మీద ఫోకస్

ఆటోఫోకస్‌కు పట్టుకోవడానికి ఒక గీత, ఒక తేడా కావాలి. సాదా రంగు బట్ట మధ్యలో అదేమీ ఉండదు. కెమెరా వెతికి వెతికి ఎక్కడో ఆగిపోతుంది, పైగా ఫోకస్ కుదిరిందని చెప్పే ఆకుపచ్చ చుక్క కూడా చూపిస్తుంది. అందుకని బొత్తాం, కుట్టు గీత, కాలర్ అంచు, జేబు అంచుల్లో ఒకదాని మీద పాయింట్ పెట్టండి.

అలాంటిదేమీ లేని బట్ట అయితే ఇలా చేయండి. అక్షరాలు అచ్చయిన కాగితం ముక్కను బట్టకు ఆనించి పెట్టండి. దాని మీద ఫోకస్ చేయండి. కెమెరా కదపకుండా ఏఎఫ్‌ను ఎంఎఫ్‌కి మార్చండి. కాగితం తీసేసి ఫొటో తీయండి. ట్రైపాడ్ ఉంటే వరసగా ఎన్ని బట్టలైనా ఇదే ఫోకస్‌తో తీయొచ్చు. బట్ట వేలాడే చోటు మారకూడదు, అంతే. నేల మీద టేపు అంటించి గుర్తు పెట్టుకోండి.

కెమెరా బట్టకు ఎదురుగా, సమానంగా ఉండాలి. పై నుంచి వంచి తీస్తే కాలర్ స్పష్టంగా, కింది అంచు మసగ్గా వస్తాయి, చొక్కా ఆకారం కూడా మారిపోతుంది. కెమెరాను బట్ట ఎత్తులో మధ్యకు తెచ్చి, తెర మీద గ్రిడ్ గీతలతో భుజాల గీత సరిపోల్చుకోండి.

వెలుతురు ఏ పక్కనుంచి రావాలన్నది బట్టను బట్టి మారుతుంది:

- నేత, అల్లిక, ఎంబ్రాయిడరీ కనిపించాలంటే వెలుతురు పక్కనుంచి, బట్టను రాసుకుంటూ పోయినట్టు పడాలి. ప్రతి పోగుకీ సన్నటి నీడ వస్తుంది. ముడతలు కూడా ఇంతే బాగా కనిపిస్తాయి, అందుకే ఇస్త్రీ ముందు చేయాలి.
- అచ్చు డిజైన్, రంగు కనిపించాలంటే రెండు వైపులనుంచీ సమానంగా పడాలి. ఒకవైపు కిటికీ, ఇంకోవైపు థర్మాకోల్ చాలు.
- మెరిసే బట్టకు చిన్న లైటు వద్దు, తెల్ల మచ్చలు పడతాయి. పెద్ద మెత్తటి వెలుతురు పక్కనుంచి ఇవ్వండి.
- నల్ల బట్టకు ముందు టేపుతో పోగులు, దుమ్ము తీయండి. కంటికి కనిపించనివన్నీ ఫొటోలో కనిపిస్తాయి. తర్వాత పక్క వెలుతురు ఇస్తేనే మడతలు, కుట్లు విడిగా తెలుస్తాయి.

సన్నటి గళ్లు, చారలు, దగ్గర నేత ఉన్న బట్టల మీద ఒక్కోసారి అసలు లేని రంగుల అలలు కనిపిస్తాయి. దాన్ని మోయిరే అంటారు. బట్ట నేతా, కెమెరా సెన్సర్ గళ్లూ ఒకదాంతో ఒకటి పొంతన కుదరక వచ్చేది. ముందుకో వెనక్కో ఓ అడుగు జరగండి, కోణం కొద్దిగా మార్చండి. 100 శాతంలో చూసినప్పుడు కూడా అలలుంటేనే నిజంగా ఫొటోలో ఉన్నట్టు. చిన్నగా చూసినప్పుడు మాత్రమే కనిపిస్తే అది తెర వల్ల వచ్చింది.

8. ఫోన్‌తో తీసేవాళ్లకు

లెన్స్ తుడవండి. నిజంగా ప్రతిసారీ తుడవండి.

కంటి మీద లేదా బొత్తాం మీద వేలు నొక్కి పట్టుకుంటే ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ అవుతాయి. తర్వాత పక్కన వచ్చే సూర్యుడి గుర్తును పైకీ కిందికీ జరిపి వెలుగు సరిచేయండి. రెండు వేళ్లతో సాగదీసే జూమ్ చాలావరకు ఫొటోను కోసి పెద్దది చేయడమే. మొహానికి మరీ దగ్గరికీ వెళ్లకండి, ముక్కు పెద్దదవుతుంది. మీటరున్నర, రెండు మీటర్ల దూరంలో నిలబడి, ఫోన్‌లో టెలిఫొటో లెన్స్ ఉంటే అది వాడండి.

బట్టలకు పోర్ట్రెయిట్ మోడ్ వాడకండి. ఆ మసక లెన్స్ వల్ల వచ్చేది కాదు, ఫోన్ అంచులు ఊహించి గీసేది. లేసు, కుచ్చులు, పల్చటి చేతులు తినేస్తుంది. బ్యూటీ ఫిల్టర్ ఆపండి.

9. సరిచూసుకోవడం

ఈ పని మొదటి మూడు ఫొటోలు తీయగానే చేయాలి, అంతా అయ్యాక కాదు.

- 100 శాతానికి జూమ్ చేయండి. కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపించాలి. బట్ట అయితే కుట్టులో దారం లెక్కపెట్టగలగాలి.
- స్పష్టంగా లేకపోతే 1వ మెట్టుకి వెళ్లి ఏ రకం మసకో చూడండి. ఊహించి సెట్టింగులన్నీ ఒకేసారి మార్చకండి. ఒకటి మార్చి, ఒకటి తీసి చూడండి.
- తెర వెలుగును నమ్మకండి. చీకటి గదిలో ముదురు ఫొటో కూడా బాగున్నట్టు కనిపిస్తుంది. ఫొటోలో చీకటి, వెలుగు ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్, అంటే హిస్టోగ్రామ్, కుడి గోడకు గుద్దుకుంటే తెలుపు పోయింది, ఎడమ గోడకు గుద్దుకుంటే నలుపులో వివరం పోయింది.
- రంగుకోసం, మొదటి ఫ్రేములో బట్ట పక్కన గ్రే కార్డు లేదా తెల్ల కాగితం పెట్టి ఒకటి తీయండి. ఎడిటింగ్‌లో వైట్ బ్యాలెన్స్ గుర్తును దాని మీద నొక్కి, అదే విలువ మిగతా ఫొటోలన్నిటికీ ఇవ్వండి. కొన్ని కాగితాల్లో మెరుపు కోసం కలిపిన నీలిఛాయ ఉంటుంది, అందుకే గ్రే కార్డు మేలు. మబ్బులు కమ్మి వెలుతురు మారితే మళ్లీ ఒకటి తీయండి.
- చివరగా అసలు బట్టను కిటికీ దగ్గర పట్టుకుని, పక్కనే తెర మీద ఫొటో పెట్టి పోల్చండి. తేడా ఉంటే కొన్నవాళ్లు తిరిగి పంపేది ఆ బట్టనే. ఈ పోలిక అయ్యేదాకా హ్యాంగర్ నుంచి బట్ట తీయకండి, థర్మాకోల్ కదపకండి.